దిగంబర కవిత్వం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, సలహా కావాలి

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో తెలుగు ఎంఏ చేసి, దిగంబర కవిత్వం (1960ల నాటి తెలుగు తిరుగుబాటు కవితా ఉద్యమం) మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) పాసయ్యాను, జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) రాలేదు. పొద్దున ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు, సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ. 1965లో ఇదే ఊళ్లో రిక్షా కార్మికుడి చేత తొలి సంపుటి ఆవిష్కరింపజేసిన ఆ ఆరుగురు దిగంబర కవుల గురించి రాస్తుంటే హుషారే. నెలాఖరులోనే టెన్షన్.

2023 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు కదా, థీసిస్ ఆపేసి నోటిఫికేషన్లకు చదువుకో అంటారు మా బావగారు. (ఆయనకు కవిత్వమంటే పెళ్లిపత్రిక మీది పద్యమే.)

ఈ దారిలో ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు చెప్పండి. ఒక్క ఉద్యమం మీదే పనిచేశానంటే ఇంటర్వ్యూలో మైనస్ అవుతుందా? ఛందస్సు, వ్యాకరణం ఎంత లోతుగా అడుగుతారు? అన్నట్టు, దిగంబర కవుల మూడు సంపుటాల తొలి ముద్రణలు ఎవరి దగ్గరైనా ఉంటే, మీ ఇంటికే వచ్చి చూసుకుంటాను.