సమస్య: "చెల్లనట్టి కాసె చెల్లు నెపుడు"

నిర్వాహకుడు:
మిత్రులారా, ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన జత అక్షరం) కూడా అందులోనే ఉంది కాబట్టి పై మూడు పాదాలు మీ ఇష్టం. చెల్లని కాసు ఎప్పుడూ చెల్లడమేమిటి అన్నదే చిక్కు. వేదాంతం వద్దు, చిల్లర మీదే రాయండి. "దేహమొక కాసు" అంటూ వచ్చే పూరణలు పోయిన నెలలోనే ముప్పాతిక వంతు చదివేశాం.

గోదారిగట్టు:

చిల్లు కాణి యొకటి చిన్నారి మొలలోన
దిష్టి పోవు ననుచు తెచ్చి కట్టె
నవ్వ; సంతలోన నరకాసు కొఱగాదు;
చెల్లనట్టి కాసె చెల్లు నెపుడు!

నిర్వాహకుడు:
భేష్! విరుపు బాగుంది. సంతలో పోయిన విలువ మొలతాడులో దొరికింది. ఒక్క సవరణ: "అనుచు" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట, "ననుచుఁ దెచ్చి" అనాలి. యతికేమీ ఇబ్బంది రాదు. మూడో పాదం గబగబా చదివితే నరకాసురుడు వినిపిస్తున్నాడు, అది మాత్రం మీ పూచీ.

బ్యాంకు విశ్రాంతుడు:
చిల్లు కాణి అంటే గుర్తొచ్చింది. యుద్ధకాలంలో రాగి పొదుపు చెయ్యడానికి 1943లో నడుమ బొక్క పెట్టి ముద్రించారు. ప్రభుత్వం లోహం కోసం బొక్క పెడితే, జనం అదే బొక్కలో దారం దూర్చారు. మా ఊళ్లో మేకు కింద వాషరుగా వాడినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు నా పూరణ:

అర్ధరూకఁ జూచి యంగడి నవ్వినన్
చట్ట మిపుడు గూడ సరియె యనును;
పదికి మించకున్న బాకీలు దీర్చును;
చెల్లనట్టి కాసె చెల్లు నెపుడు.

గోదారిగట్టు:
మాస్టారూ, యాభై పైసలు ఇంకా చెల్లుతుందా? మా కిరాణా కొట్టులో ఇస్తే నన్ను పైనుంచి కిందికి చూశారు.

బ్యాంకు విశ్రాంతుడు:
చెల్లుతుంది నాయనా. 2011 జూన్ 30తో రద్దయినవి పావలా, అంతకన్నా చిన్నవి. అర్ధరూపాయి జోలికి ఎవరూ పోలేదు. 2011 నాణేల చట్టం ప్రకారం యాభై పైసల బిళ్లలు పది రూపాయల మొత్తం వరకు, రూపాయీ ఆపైవీ వెయ్యి వరకు చెల్లుబాటు. అందుకే "పదికి మించకున్న" అన్నాను, పాదం నింపడానికి కాదు.

వ్యాకరణం బాబాయి:
చట్టం సరే, సమాసం మాటేమిటి? "అర్ధ" సంస్కృతం, "రూక" తెలుగు. వైరిసమాసం.

బ్యాంకు విశ్రాంతుడు:
అర్ధణా అని అనని తెలుగువాడున్నాడా బాబాయ్?

నిర్వాహకుడు:
బాబాయి గారి మాట శాస్త్రం ప్రకారం నిజమే. కానీ అర్ధణా, అర్ధశేరు తరాల తరబడి నోళ్లలో నలిగినవి, వాటి పక్కన దీన్నీ కూర్చోనిద్దాం. నాకు నచ్చింది వేరే. అందరూ చెల్లని కాసుకు వాడుక వెతుకుతుంటే, ఈయన చెల్లే కాసునే జనం చెల్లకుండా చేశారని తిప్పి చెప్పారు.

కొత్తకలం:
అందరికీ నమస్కారం. నా మొదటి పూరణ, తప్పులుంటే మన్నించండి.

చిల్లరడుగ మాకు చాక్లెట్టు చేతిలో
పెట్టి పంపె కొట్టు పెద్దమనిషి;
తిరిగి యిచ్చినపుడు తీసుకోడది వాడు;
చెల్లనట్టి కాసె చెల్లు నెపుడు!

నిర్వాహకుడు:
అమ్మా, ఊహ అదిరింది! చాక్లెట్టు ఒకవైపే చెల్లే నాణెం. గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో యతి మాత్రం తప్పింది. "చి"కి "చా" కుదరదు, అచ్చులు మైత్రి లేనివి. రెండు మాటలు అటూ ఇటూ మార్చండి చాలు: "చిల్లరడుగ మాకు చేతిలో చాక్లెట్టు". ఇప్పుడు చి–చే. కొత్తవాళ్లు సాధారణంగా గణాల దగ్గర తడబడతారు, మీరు అది దాటేశారు.

లచ్చిందేవి:

పద్మమున్న పాత పసిడివన్నెల బిళ్ల
పీఠమెక్కి సిరికి ప్రీతి గూర్చు;
కొట్టువాడు దానిఁ గొననన్న నేమాయె,
చెల్లనట్టి కాసె చెల్లు నెపుడు.

1968 నుంచి వచ్చిన తామరపువ్వు ఇరవై పైసలు. మా అత్తయ్య నూట ఎనిమిది పోగుచేసి వరలక్ష్మీవ్రతానికి బయటికి తీస్తుంది.

నిర్వాహకుడు:
నిర్దోషం. ముందుకు పోదాం.

సిటీబస్సు:

పావలానుఁ దెచ్చి బస్సులో నిచ్చితి
వెనుక కిచ్చి యతడు వెక్కిరించె;
చట్టమడ్డుపడగ సంచిలో మూల్గెడి
చెల్లనట్టి కాసె చెల్లు నెపుడు?

ప్రశ్నగా మార్చేశా. సమస్యే లేదు!

వ్యాకరణం బాబాయి:
మార్చావు గానీ "కాసె"లో ఏవకారం, అదే నొక్కి చెప్పే "ఏ", ఉందే! "ఈ కాసే ఎప్పుడు చెల్లుతుంది" అని ఎవరైనా అడుగుతారా? అవధారణం ప్రశ్నలో అతకలేదు. పైగా "అతడు" ఎవరు? పద్యంలో కండక్టరు ఎక్కడా ఎక్కలేదు.

సిటీబస్సు:
బస్సు అన్నాక కండక్టరు ఉండడా బాబాయ్?

నిర్వాహకుడు:
బస్సుతో కండక్టరు వచ్చేశాడనుకుందాం, ఏవకారం మాత్రం గట్టి అభ్యంతరమే. ప్రశ్నగా విరవడం పాత ఎత్తు. సమస్యలో మాట ఒక్కటి ఎదురు తిరిగినా ఆ ఎత్తు పారదు.

గోదారిగట్టు:
ఒక పక్క మాట. రాజమండ్రి వంతెన మీద రైలెక్కిన వాళ్లు విసిరే బిళ్లల కోసం పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలో వేస్తారు. స్టీలు రూపాయలే అంటుకుంటాయి. పాత రాగినికెల్ రూపాయలూ, అల్యూమినియం పైసలూ గోదారమ్మకే. దీని మీద ఎవరైనా పద్యం కట్టండి, నాకు "అయస్కాంతం" గణాల్లో ఇమడటం లేదు.

బ్యాంకు విశ్రాంతుడు:
"సూదంటురాయి" అను. బయటికి తీసిన బిళ్లల్ని మాత్రం కరగబెట్టనివ్వకు. ఇందాకటి నాణేల చట్టంలోనే దానికి ఏడేళ్ల వరకు జైలు.

కొత్తకలం:
గురువుగారూ, సవరించి పెట్టాను. వచ్చే వారం కందం ఇస్తారా?

నిర్వాహకుడు:
ఇస్తాను. ప్రాస చూసుకోండి, అక్కడ మాటలు అటూ ఇటూ మారిస్తే సరిపోదు.