మోకాళ్ల నొప్పి మాత్రతో క్రియాటినిన్ పెరుగుతుందా?

ప్రశ్న (కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా)
మా నాయనకు 62 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర పొద్దున ఒకటి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా. బుడ్డలు (వేరుశనగ) పీకే పని మొదలైనప్పటి నుంచి, అంటే మూడు వారాలుగా, మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర రోజుకు రెండు వేసుకుంటున్నాడు. క్రియాటినిన్ (కిడ్నీ పని మందగిస్తే రక్తంలో పెరిగే అంకె) ఆర్నెల్ల కిందట 1.1, ఇప్పుడు 1.7. బీపీ మాత్ర వల్లే అంటున్నారు. ఆపేయమంటారా?

జవాబు (ఫార్మసిస్టు, కడప)
ముందు ఆ నొప్పి మాత్ర స్ట్రిప్పు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండన్నా. చాలావాటిమీద "అసెక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325" అని ఉంటుంది. పారాసిటమాల్ పేరు చూసి జ్వరం మాత్రే కదా అనుకుంటారు. కిడ్నీకి దెబ్బ ఆ ముందున్న పేరుతోనే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్ అన్నీ అదే కోవ. సూదైతే కడుపులోకి పోదు, మంచిదే అని పల్లెల్లో గట్టి నమ్మకం. సూదిమందు కూడా రక్తంలో కలిసి కిడ్నీకే చేరుతుంది. తోడుగా ఇచ్చే గ్యాస్ మాత్ర కడుపును కాస్తుంది, కిడ్నీని కాదు.

జవాబు (కిడ్నీ డాక్టరు, కర్నూలు)
కిడ్నీలో రక్తం వడకట్టే జల్లెడకు లోపలికొచ్చే నాళం ఒకటి, బయటికి పోయే నాళం ఒకటి. నొప్పి మాత్ర లోపలికొచ్చేదాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయేదాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. పైన ఎండలో చెమట. మూడూ కలిస్తే జల్లెడలో ఒత్తిడి పడిపోయి వడకట్టే పని మందగిస్తుంది. మీ నాయన వయసుకు 1.1 అంటే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంచనా) సుమారు 76; 1.7 అంటే 45. చిన్న తేడా కాదు.

నొప్పి మాత్ర ఈ రోజే ఆపించండి. బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. షుగర్ ఉండి మూత్రంలో ప్రొటీన్ పోయేవాళ్లకు టెల్మిసార్టాన్ కిడ్నీని కాపాడే మందు కూడా. రెండు మూడు రోజుల్లో డాక్టరుకు చూపించి పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ (ప్రొటీన్) పరీక్షలు చేయించండి. కొన్నాళ్లు ఆపాలో, మోతాదు తగ్గించాలో అవి చూసి చెబుతారు. మెట్‌ఫార్మిన్ ఈజీఎఫ్‌ఆర్ 45 కిందికొస్తే రోజుకు 1000 మి.గ్రా. దాటకూడదు, 30 కిందికొస్తే ఆపేయాలి. మూత్రం బాగా తగ్గినా, కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

ప్రశ్న అడిగినవారు
స్ట్రిప్పు చూశాను సార్, అసెక్లోఫెనాకే. మరి నొప్పికి ఏమివ్వాలి? కొబ్బరినీళ్లు ఇవ్వొచ్చా?

జవాబు (ఫార్మసిస్టు, కడప)
లివర్ జబ్బు, తాగుడు లేకపోతే ఉత్త పారాసిటమాల్ 650, ఆరు గంటల ఎడంతో, రోజుకు మూడు దాటకుండా. వేడి కాపడం, మోకాలికి పట్టీ కూడా పనికొస్తాయి. కొబ్బరినీళ్లు ఇప్పుడొద్దు, పొటాషియం ఎక్కువ. పైగా టెల్మిసార్టాన్ కూడా దాన్ని పెంచేదే. నీళ్లు, ఉప్పు తక్కువేసిన పలుచని మజ్జిగ చాలు.

జవాబు (కిడ్నీ డాక్టరు, కర్నూలు)
వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మాత్రం బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్ వేసే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. క్రియాటినిన్ వారం పది రోజులకు మళ్లీ చూడండి, అదే ల్యాబులో. ముందురోజు రాత్రి మాంసం పెట్టొద్దు. దానివల్ల కూడా అంకె కాస్త పెరుగుతుంది. పాత రిపోర్టు, ఆ ఖాళీ స్ట్రిప్పు రెండూ వెంట తీసుకుపోండి.