పాత రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వేసుకోవాలా, కొత్తది తెచ్చుకోవాలా?

వైరుచిక్కు:
మా రౌటర్‌కు తయారీ కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసింది. పెట్టె మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది. దాన్ని అటకెక్కించమని కొందరు, కంపెనీ ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) తీసేసి, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే ఉచిత లినక్స్ ఫర్మ్‌వేర్ వేసి ఇంకొన్నాళ్లు నడిపించమని కొందరు అంటున్నారు. కమాండ్లు కొట్టడానికి నాకు భయం లేదు. కానీ ఇంటిల్లిపాది పనులూ ఈ ఒక్క పెట్టె మీదే ఆధారపడి ఉన్నాయి. మీరైతే ఏం చేస్తారు?

సోల్డర్‌పొగ:
వేసేయండి, సందేహమెందుకు? అప్‌డేట్లు ఆగిపోయిన రౌటర్‌ను ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబెట్టడమే అసలు ప్రమాదం. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ బయటపడింది. కనీసం 54 దేశాల్లో 5 లక్షల పరికరాల్లోకి అది దూరింది. అలా చిక్కినవి చాలావరకు అప్పటికే లోకానికి తెలిసిన లోపాలున్న పరికరాలే. రౌటర్‌ను ఆపి మళ్లీ వేసినా దాని మొదటి దశ చెక్కుచెదరకుండా లోపలే ఉండేది. కంపెనీ చేతులు దులిపేసుకున్నాక ఇలాంటి కన్నాలు ఎవరు పూడుస్తారు? ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వాళ్లు పూడుస్తున్నారు, అదీ ఉచితంగా.

ఇది నిన్న మొన్నటి ప్రయోగం కూడా కాదు. లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టి54జీలో లినక్స్ ఉన్నట్టు తేలడంతో, ప్రోగ్రాంను పంచితే దాని కోడ్ కూడా ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్సు ప్రకారం కంపెనీ 2003లో సోర్స్ కోడ్ బయటపెట్టక తప్పలేదు. దాన్ని ఆధారం చేసుకుని మరుసటి ఏడాదే ఈ ప్రాజెక్టు మొదలైంది.

నెమ్మది:
మోడల్ ఏమిటో అడగకుండానే ముహూర్తం పెట్టేశారు! మీరు చెప్పిన కథకు రెండో సగం కూడా ఉంది. అదే డబ్ల్యుఆర్‌టి54జీ అయిదో వెర్షన్‌కు వచ్చేసరికి ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ నిలవ ఉండే చిప్) 4 ఎంబీ నుంచి 2కు, ర్యామ్ 16 నుంచి 8కి పడిపోయింది. లినక్స్ తీసేసి వీఎక్స్‌వర్క్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టారు. పెట్టె మీద పేరు అదే, లోపల సరుకు వేరు. కాబట్టి వైరుచిక్కు గారూ, ముందు రౌటర్‌ను తిరగేసి అడుగున స్టిక్కర్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ చూడండి. 2021లో వచ్చిన 21.02 వెర్షన్ నుంచి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టికి కనీసం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ కావాలి. అంతకన్నా తక్కువైతే ఈ చర్చే అనవసరం.

రెండోది, వై-ఫై చిప్ బ్రాడ్‌కామ్‌ది అయితే ఆశ వదులుకోండి. దాని డ్రైవర్లు మూసిపెట్టినవి. ఇన్‌స్టాల్ అయితే అవుతుంది, వై-ఫై మాత్రం కుంటుతుంది.

మూడోదాన్ని ఎవరూ మాట్లాడరు. వేయడం ఒక సాయంత్రం పని, ఆ తర్వాత చూసుకోవడం ఏళ్ల పని. ఇది తనంతట తాను అప్‌డేట్ కాదు. ఉత్సాహంగా ఫ్లాష్ చేసి (కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించి), ఆ తర్వాత దాని మొహం చూడని వాళ్లు నాకు బోలెడు మంది తెలుసు. వాళ్ల రౌటర్లకూ, కంపెనీ వదిలేసిన రౌటర్లకూ తేడా ఏమిటో సోల్డర్‌పొగ గారే చెప్పాలి.

రాత్రిపింగ్:
మీరిద్దరూ భద్రత దగ్గరే ఆగిపోయారు. నేను దీన్ని వాడేది ఎస్‌క్యూఎం కోసం, అంటే డేటా ప్యాకెట్ల బారును అదుపులో పెట్టే సదుపాయం కోసం. ఇంట్లో ఒకరు పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తుంటే మరొకరి కాల్‌లో మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. లైను వేగం తక్కువై కాదు. మోడెమ్ బఫర్‌లో ప్యాకెట్లు బారులు తీరి, ఆ బారు చివర మాట ప్యాకెట్ చిక్కుకుంటుంది. ఎస్‌క్యూఎంలో కేక్ అనే పద్ధతిని ఎంచుకుని, వేగాన్ని లైను అసలు వేగంలో 90 శాతం దగ్గర కట్టేస్తే, ఆ బారు మోడెమ్‌లో కాకుండా మన రౌటర్‌లో తయారవుతుంది. అక్కడ ఎవరిని ముందు పంపాలో మనదే నిర్ణయం. అప్‌లోడ్ నడుస్తుండగానే పింగ్ (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం) పెట్టి చూడండి, వందల మిల్లీసెకన్లలో ఎగిరే అంకె రెండంకెలకు దిగివస్తుంది. కంపెనీ ఫర్మ్‌వేర్లలో "గేమింగ్ మోడ్" పేరుతో పెట్టే మీట చాలాసార్లు అలంకారమే.

నెమ్మది:
నిజమే, కాదనను. కానీ ఎస్‌క్యూఎం వేస్తే ప్రతి ప్యాకెట్టూ ప్రాసెసర్ చేతుల మీదుగా పోవాలి, ఆ పనిని ప్రాసెసర్‌కు తప్పించే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ పనికిరాదు. గిగాబిట్ లైనుకు పాత ప్రాసెసర్ చాలదు. 50, 100 ఎంబీపీఎస్ లైనైతే మీరు చెప్పింది అక్షరాలా సరి.

వైరుచిక్కు:
స్టిక్కర్ చూశాను. మీడియాటెక్ ఎంటీ7621 చిప్, 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి పనిచేసే పరికరాల పట్టికలో నా వెర్షన్ ఉంది. లైను 100 ఎంబీపీఎస్. మధ్యలో కరెంటు పోయి బ్రిక్ అయితే, అంటే పెట్టె ఇక లేవకుండా ఇటుకలా పడిపోతే?

సోల్డర్‌పొగ:
ఇంతకన్నా మంచి జాతకం ఉండదు. వై-ఫై చిప్ కూడా మీడియాటెక్‌దే అయితే దానికి ఎంటీ76 డ్రైవర్ ఉంది, ఓపెన్‌సోర్స్. బ్రిక్ అయినా బూట్‌లోడర్ (ఆన్ చేయగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రాం) బతికుంటే, నెట్‌వర్క్ తీగ మీదుగా ఫైలు పంపే టీఎఫ్‌టీపీతో లేపవచ్చు. అదీ కుదరకపోతే మూత విప్పండి. బోర్డు మీద చాలావరకు నాలుగు రంధ్రాల వరస ఒకటి కనిపిస్తుంది, అది సీరియల్ పోర్ట్, కంప్యూటర్ నుంచి బోర్డుతో నేరుగా మాట్లాడే దారి. 3.3 వోల్టుల యూఎస్‌బీ అడాప్టర్ తీసుకుని గ్రౌండ్, టీఎక్స్ (డేటా పంపేది), ఆర్ఎక్స్ (అందుకునేది) మాత్రమే కలపండి. కరెంటు ఇచ్చే వీసీసీ తీగ జోలికి వెళ్లకండి, రౌటర్‌కు దాని సొంత అడాప్టర్ ఉంది. 5 వోల్టుల అడాప్టర్ అయితే చిప్ కాలిపోవచ్చు.

రాత్రిపింగ్:
అన్నిటికన్నా ముందు ఫ్లాష్‌లోని "ఫ్యాక్టరీ" అనే విభాగాన్ని కాపీ చేసి దాచుకోండి. మీ రౌటర్ ఎంఏసీ చిరునామాలు (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్యలు), వై-ఫై క్యాలిబ్రేషన్ అంకెలు అందులోనే ఉంటాయి. ఫర్మ్‌వేర్ ఎక్కడైనా దొరుకుతుంది, ఆ విభాగం మాత్రం ప్రతి పెట్టెకూ వేరు. పక్కవాడి దగ్గర అదే మోడల్ ఉన్నా అతని కాపీ మీకు సరిపోదు.

నెమ్మది:
ఈ పెట్టెకైతే నా అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది: అప్‌డేట్ ఎవరు చేస్తారు? కొత్త వెర్షన్‌కు మార్చే మామూలు సిస్‌అప్‌గ్రేడ్ సెట్టింగులు నిలుపుతుంది కానీ మీరు విడిగా వేసుకున్న ప్యాకేజీలు పోతాయి. ఎస్‌క్యూఎం కూడా అలా వేసుకునేదే. అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ వాడితే మీ ప్యాకేజీలతో కలిపి ఇమేజ్ (ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు) తయారుచేసి ఇస్తుంది. అది నేర్చుకోవడానికి సిద్ధమైతేనే దిగండి.

వైరుచిక్కు:
సరే, దిగుతున్నాను. ఫ్యాక్టరీ విభాగం కాపీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది. సీరియల్ అడాప్టర్ వచ్చేదాకా ఫ్లాష్ చేయను. నెమ్మది గారూ, అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్‌కు రౌటర్‌లోనే ఖాళీ స్థలం కావాలా, బయట కంప్యూటర్ నుంచి చేసుకోవచ్చా?

నెమ్మది:
ఇమేజ్ తయారయ్యేది ప్రాజెక్టు సర్వర్ మీద. మీ రౌటర్ దాన్ని దించుకుని ర్యామ్‌లో పెట్టుకుంటుంది, 128 ఎంబీ దానికి చాలు.