అప్‌డేట్: స్ట్రీమర్ 2 వోల్టులు, పాత ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ 300 మిల్లీవోల్టులు

విజయనగరం నుంచి నేను ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: స్ట్రీమర్ (నెట్ నుంచి పాటలు వినిపించే పెట్టె) పెట్టాక ఆంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్ ఎనిమిది గంటల స్థానం దాటితే ఇల్లు దద్దరిల్లుతోంది, అంతకన్నా తగ్గిస్తే ఎడమ స్పీకరు నీరసిస్తోంది.

స్ట్రీమర్ అవుట్‌పుట్ ఆ ఇన్‌పుట్‌కి మరీ ఎక్కువేమో కొలవమన్నారు మీరు. అలాగే ఆంప్లిఫయర్ వైరు తీసేసి, స్ట్రీమర్‌లో 50 హెర్ట్జ్, 0 డీబీ (డెసిబెల్, అంటే పూర్తి స్థాయి) సైన్ టోన్ పెట్టి మల్టీమీటరుతో కొలిచాను. ఫిక్స్‌డ్‌లో (అవుట్‌పుట్ ఎప్పుడూ పూర్తి స్థాయి) 2.04 వోల్టులు, వేరియబుల్‌లో (స్ట్రీమర్‌లోనే తగ్గించుకునేది) మైనస్ 12 డీబీ దగ్గర 0.51. చవక మీటర్లు దీనికి పనికిరావు, చాలావాటి ఏసీ రేంజి 200 వోల్టుల నుంచే మొదలు. 2 లేదా 4 వోల్టుల రేంజి ఉన్నదే కావాలి.

మైనస్ 12 దగ్గర నాబ్ పదిన్నరకి వచ్చింది, రెండు స్పీకర్లూ సమానం. ఇలా డిజిటల్‌గా తగ్గిస్తే రెండు బిట్ల వివరం పోతుందని కొందరు బెంగపడ్డారు గానీ, 24 బిట్ డాక్‌లో (డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే భాగం) 16 బిట్ పాటకి ఆ బెంగ అనవసరం.

అసలు భయం వేరు: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత సెట్టింగు మళ్లీ ఫిక్స్‌డ్‌కి పోయి, పూర్తి స్థాయి వచ్చేయొచ్చు. అందుకని ఆంప్లిఫయర్ వైపు ఆర్‌సీఏ ప్లగ్గుల్లోనే, ఒక్కో ఛానెల్‌కి 10 కె (కిలో ఓమ్) రెసిస్టర్ సిరీస్‌లో, దాని తర్వాత 3.3 కె గ్రౌండుకి టంకం వేశాను. 1 శాతం మెటల్ ఫిల్మ్, పావు వాట్ చాలు. ఆంప్లిఫయర్ 47 కె ఇన్‌పుట్ నిరోధంతో కలిపి 12.5 డీబీ తగ్గుతుంది. ఇప్పుడు స్ట్రీమర్ ఫిక్స్‌డ్‌లోనే ఉంది.