269-269 టై అయితే మా ఒమాహా ఓటు ఏమవుతుంది?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, చాలా ఏళ్లుగా నెబ్రాస్కాలోని ఒమాహాలో ఉంటున్నాం. సిటిజన్‌షిప్ వచ్చాక 2024లో మొదటిసారి అధ్యక్ష ఎన్నికల్లో ఓటేశాను. బ్యాలెట్ మీద అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల పేర్లే ఉన్నాయి. పక్కనున్న గుండ్రాన్ని పెన్నుతో జాగ్రత్తగా నింపి వచ్చాను. నిజానికి నేను ఎన్నుకున్నది ఎలక్టర్లనని, అంటే మన తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధులనని తర్వాత తెలిసింది. వాళ్ల పేర్లు అందులో ఎక్కడా లేవు!

మొత్తం 538 మంది, గెలవాలంటే 270 కావాలి. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకే మొత్తం ఎలక్టర్లు. అందుకే 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశమంతా కలిపి 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ట్రంప్ గెలిచారు. ఇంతవరకు అర్థమైంది. మా నెబ్రాస్కా, మెయిన్ (Maine) రాష్ట్రాలు మాత్రం వేరు. మాకున్న ఐదింటిలో రెండు రాష్ట్రమంతటా గెలిచినవాళ్లకి, మిగతా మూడు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గానికి ఒకటి చొప్పున. 2024లో రాష్ట్రం ట్రంప్‌కి, మా ఒమాహా నియోజకవర్గం హారిస్‌కి వెళ్లాయి.

నా సందేహం ఇది. 269-269 అయితే ఎవరికీ 270 రావు కాబట్టి అధ్యక్షుణ్ణి కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభ ఎన్నుకుంటుందట, అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటేనట. అప్పుడు మా ముగ్గురు సభ్యులూ కలిసి ఒకే ఓటు వేయాలా? ఒమాహా తీర్పుకి అక్కడ విలువే ఉండదా? ఓటేసేది పాత సభా, నవంబరులో గెలిచిన కొత్త సభా?

"మన ఎంపీలు, ఎమ్మెల్యేలు రాష్ట్రపతిని ఎన్నుకున్నట్టేనా?" అని నాన్న ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నారు. ఆయనకి సరిగ్గా చెప్పాలని ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, ప్లీజ్.