కోళ్లగూటి మీద గుడ్లగూబ: అప్‌డేట్
బెంగళూరు యలహంకలోని మా పెరటి కోళ్లగూటి మీద రాత్రిళ్లు వాలుతున్న గుడ్లగూబే రెండు కోడిపిల్లలను ఎత్తుకుపోయిందా అని గత నెలలో అడిగాను. నా అనుమానం తప్పని తేలింది. మామిడిచెట్టు కింద గుడ్లగూబ కక్కిన ఉండలను (తిన్నదానిలో అరగక మిగిలిన ముద్దలను) నీటిలో నానబెట్టి విప్పి చూడగా ఎలుకల పుర్రెలు, వెంట్రుకలు తప్ప ఈక ఒక్కటైనా కనిపించలేదు. గూటి అడుగున పందికొక్కు తవ్విన బొరియలో మాత్రం మా కోడిపిల్లల ఈకలు దొరికాయి. వెంటనే నేలతో సహా అన్ని వైపులా అరంగుళం కన్నుల ఇనుప జాలీ బిగించి, చీకటి పడేలోగా దాణాను మూత ఉన్న డబ్బాలోకి తీస్తున్నాను. ఎలుకల మందు పెట్టలేదు, ఎందుకంటే విషం తిన్న ఎలుకను తింటే గుడ్లగూబ కూడా చనిపోవచ్చు. అపశకునమని దానిని తరిమేయమన్న పక్కింటి పిన్నిగారికి గుడ్లగూబలకు రక్షణ కల్పించే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గురించి, ఆ ఉండల గురించి వివరించాను; ఇప్పుడు రాత్రి అది వచ్చిందా అని ఆవిడే అడుగుతున్నారు.