కాలువలు కట్టేసిన నెలల్లో మునిసిపల్ కుళాయి నీరు తాగవచ్చా?

ప్రశ్న

నమస్కారం. మాది గోదావరి పశ్చిమ డెల్టా చివర, సముద్రానికి పది పన్నెండు కిలోమీటర్ల ఇవతల ఉన్న చిన్న పట్టణం. ఎవరి మీదా ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు కనుక ఊరి పేరు రాయడం లేదు. పదేళ్లు హైదరాబాదులో ఉండి, మొన్నటి సంక్రాంతికి అమ్మానాన్నల దగ్గరకు వచ్చేశాము. ఇంట్లో ఐదు నెలల పాప, రక్తపోటుకు మందులు వాడుతున్న మా నాన్నగారు ఉన్నారు.

పెరట్లోని బోరు నీరు ఉప్పన, సబ్బు నురగ కూడా రాదు. కుళాయి ఉదయం గంటసేపు, సాయంత్రం అరగంట వస్తుంది. మా అమ్మగారు ఇన్నేళ్లూ ఆ నీటినే కాచి వాడుతున్నారు. అయితే వేసవికి కాలువలు కట్టేసి నీరు ఆపినప్పటి నుంచి ఆ నీరు కొంచెం పాచి వాసన వేస్తోంది. కొన్ని రోజులు బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది, కొన్ని రోజులు అసలేమీ ఉండదు. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల) మీటరు తెప్పించి చూస్తే కుళాయి నీరు 240, కొనుక్కునే ఇరవై లీటర్ల టిన్ను 40, బోరు 2,300 చూపించింది. మీటరు ప్రకారం కుళాయి నీటికి వంక పెట్టడానికి లేదు, అయినా పాపకు పట్టాలంటే చెయ్యి రావడం లేదు. ఆర్‌ఓ యంత్రం పెట్టించమంటారా, టిన్నులే కొనమంటారా, కాచిన కుళాయి నీరు చాలంటారా?

మొదటి సమాధానం (నీటి సరఫరాలో పనిచేసి విరమించినవాడిని)

అయ్యా, మీ మీటరు అబద్ధం చెప్పలేదు, కానీ మీరు అడిగిన ప్రశ్నకు అది సమాధానం చెప్పలేదు. అది నీటిలో కరిగిన లవణాలను మాత్రమే అంచనా కడుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు నిరభ్యంతరం, వేరే ఆధారం లేనిచోట 2,000 వరకు అనుమతి. ఆ లెక్కన మీ కుళాయి నీరు మంచినీరే, బోరు ఎటూ పనికిరాదు. విరేచనాలు పట్టించే సూక్ష్మక్రిములు ఎన్ని ఉన్నా ఆ మీటరు ముల్లు కదలదు.

ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలను మరమ్మతుల కోసం వేసవిలో కట్టేస్తారు. ఆలోగా నింపుకున్న మంచినీటి చెరువు మీదే ఊరు నెట్టుకురావాలి. నిలవ నీటికి ఎండ తగిలితే నాచు పడుతుంది, మీరు చెప్పిన పాచి వాసన చాలావరకు దానిదే. ఆ నాచు, ఇతర సేంద్రియ పదార్థం క్లోరిన్‌ను తినేస్తాయి కనుక, వర్షాకాలంలో సరిపోయిన మోతాదు మే నెలలో సరిపోదు. ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. బ్లీచింగ్ వాసన వస్తే జనం ఫిర్యాదు చేస్తారు. నన్నడిగితే ఏ వాసనా లేని రోజునే ఆరా తీయాలి.

అసలు ప్రమాదం ట్యాంకుకూ మీ గుమ్మానికీ మధ్య ఉంటుంది. రోజుకు గంటన్నర సరఫరా అంటే మిగతా ఇరవై రెండున్నర గంటలు గొట్టంలో ఒత్తిడి ఉండదు. డెల్టా నేలలో ఊట పైనే ఉంటుంది, గొట్టాల పక్కనే మురుగు కాలువలు పోతాయి. సన్నని చీలిక ఉన్నా చాలు, బయటి నీరు లోపలికి చేరుతుంది. ఎవరైనా కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగిస్తే అది ఇంకా లాగుతుంది. గుంటూరులో 2018లో అతిసారం ప్రబలి పలువురు మరణించినప్పుడు తాగునీటిలో మురుగు కలవడాన్నే కారణంగా చెప్పారు.

క్లోరిన్ పరీక్ష కిట్టు కొనండి. చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది, పక్కనున్న రంగు పట్టీతో పోల్చి చూడవచ్చు. దానితోపాటు హెచ్‌టూఎస్ సీసా ఒకటి తెచ్చి, నీరు నింపి ఒకటి రెండు రోజులు ఉంచండి. నల్లబడితే ఆ నీటిలో మలం కలిసిందని అనుమానించి తీరాలి.

రెండో సమాధానం (పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను)

పాప తల్లిపాలే తాగుతూ ఉంటే ఆరో నెల నిండేవరకు విడిగా నీరు పట్టనవసరం లేదు, మన మే నెల ఎండల్లో కూడా. పెద్దవాళ్లు ఒప్పుకోరు, అది వేరే సంగతి. డబ్బాపాలు కలిపేటట్లయితే నీటిని కళపెళ తెర్లనిచ్చి, మూతపెట్టి, చల్లారాక అదే రోజు వాడండి. కాస్తే క్రిములు చస్తాయి కానీ ఉప్పు, నైట్రేట్ పోవు. నీరు ఇగిరినకొద్దీ అవి చిక్కబడతాయి. అందుకే బోరు నీటిని కాచి పట్టే ఆలోచన వద్దు.

మీ నాన్నగారి విషయంలో కుళాయి నీటికి భయపడకండి. రెండు లీటర్లు తాగినా లవణాలన్నీ కలిపి అర గ్రాము ఉండవు. ఆవకాయ ముక్క సంగతి ఆయననే అడగండి.

మూడో సమాధానం (కృష్ణా డెల్టా నుంచి)

మొదటి సమాధానంలో ఒక్క విషయం వదిలేశారు. మా వైపు చేపల, రొయ్యల చెరువుల నీటిని కాలువలోకే వదులుతారు, క్లోరిన్ వేసినంత మాత్రాన అందులోని మందుల అవశేషాలు పోవు. కాబట్టి ఏడాదికి ఒకసారైనా గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పూర్తి రసాయన పరీక్ష చేయించండి. టిన్నుల మీద అతి నమ్మకం కూడా వద్దు. మూత సీలు సరిగా లేని టిన్ను 40 టీడీఎస్ చూపించినా, దాన్ని ఎక్కడ కడిగారో, ఏ చేత్తో నింపారో మీటరుకు తెలియదు. ఆర్‌ఓ ఉప్పు నీటికి అవసరం. 240 ఉన్న నీటికి దాన్ని బిగించడం వల్ల సగానికి పైగా నీరు వృథాగా పోవడం తప్ప పెద్ద లాభం లేదు. కాచిన నీటిని బిందెలో పోసి గ్లాసు ముంచకుండా, కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములో పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. పది రోజులు కిట్టుతో చూశాను. వీధి మొదట్లో ఉన్న మా పెదనాన్నగారి ఇంట్లో రోజూ పసుపు రంగు తేలింది. మా ఇంట్లో నాలుగు రోజులు తెల్లగానే ఉండిపోయింది, అందులో ఒక రోజు పట్టిన సీసా నల్లబడింది. మొదటి సమాధానం మళ్లీ చదివి పెరట్లోకి వెళ్లి చూస్తే, మా నాన్నగారు నాలుగేళ్ల కిందట పెట్టించిన అర హార్స్‌పవర్ మోటారు నేరుగా కుళాయి గొట్టానికే బిగించి ఉంది. ఆ గొట్టం మురుగు కాలువ కింద నుంచే వస్తోంది. మోటారు నిన్ననే ఊడదీయించాను. గొట్టాన్ని కాలువ పైనుంచి మళ్లించి, నీరు దానంతట అది వచ్చి పడేలా చిన్న సంపు కట్టడానికి మేస్త్రి సోమవారం వస్తానన్నాడు. అప్పటివరకు నీళ్లు పెదనాన్నగారి ఇంటి నుంచే మోసుకొస్తున్నాము.